అభ్యంతరం లేదని ఒక ఉత్తరం

అమెరికా ఆదివాసుల్లో చిప్పెవా అనే పెద్ద జాతి ఉంది. అందులో ఒక చిన్న శాఖను అక్కడి ఫెడరల్ ప్రభుత్వం ఇటీవల విడి జాతిగా గుర్తించింది. ఆ వార్త నాకు సింగపూర్‌లో, జురాంగ్ ఈస్ట్‌లోని మా ఆఫీసులో, భోజనం డబ్బా మూత తీస్తుండగా తెలిసింది. రెండు వాక్యాల ఈమెయిల్. మా టీమ్ లీడర్, నా కూతురి వయసున్న చీనా అమ్మాయి, "గుడ్ జాబ్, అంకుల్" అని నా భుజం తట్టి, భోజనం అయ్యాక ఇన్సూరెన్స్ ఫైళ్ళు మొదలుపెట్టమంది. మా వంశంలో ఎవరి భుజాన్నీ ఎవరూ తట్టిన దాఖలా లేదు. అయినా ఆ పూటకు క్షమించేశాను. ఆ గుర్తింపులో నాకూ ఒక పిసరు వాటా ఉందని లోలోపల అనుకుంటూ ఉన్నాను.

మా ఆఫీసు పని చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఎక్కడెక్కడి లాయర్లో పాత కాగితాలను స్కాన్ చేసి పంపుతారు. వాటిని చదివి, ఎవరు ఎవరికి ఎందుకు రాశారో గుర్తించి, ప్రతిదానికీ ఒక చీటీ తగిలించాలి. నేను చేరిన ఏడాదే ఆ చిప్పెవా శాఖ పెట్టెలు వచ్చాయి. వాళ్ళది ఒక సరస్సు ఒడ్డు. ప్రభుత్వం తన సౌకర్యం కోసం వాళ్ళను ఎంతో దూరంలో, మరో సరస్సు ఒడ్డున ఉన్న పెద్ద శాఖ జాబితాలో కలిపేసింది. అక్కడికి వెళ్ళిపొమ్మంటే వీళ్ళు పోలేదు. పోయినవాళ్ళు కూడా తిరిగి వచ్చేశారు. ఉత్తర్వులన్నీ పెద్ద శాఖకు వెళ్ళేవి. వీళ్ళు ఏది అడిగినా, మీరు వాళ్ళలో భాగమేగా, వాళ్ళనే అడగండి అనేవారు. తరాల తరబడి అదే జవాబు. చివరికి, మీరు మొదటినుంచీ విడిగానే బతుకుతున్నారని రుజువు చేస్తే అప్పుడు చూస్తాం అన్నారు. ఆ రుజువులే ఆ పెట్టెలు.

ఆ కాగితాలు నన్ను పట్టుకోవడానికి కారణం మా తాతగారు. మాది పదకొండు గ్రామాల జమీ. ఆ మాట అనగానే ఎదుటివాళ్ళు కాస్త సర్దుకుని కూర్చుంటారు కాబట్టి దాని తర్వాతి మాట మా ఇంట్లో ఎవరూ చెప్పేవారు కాదు. కలెక్టరు కచేరీ పుస్తకాల్లో మాది జమీ కాదు. మా దాయాదుల పెద్ద జమీలో ఒక భాగం. మా తాతగారు తనను విడి జమీందారుగా గుర్తించమని ముప్పై ఏళ్ళపాటు అర్జీలు పెట్టుకున్నారు. గుర్తింపు వచ్చింది. మూడు రోజులు భోజనాలు పెట్టారు. ఆ తర్వాత పదకొండు నెలలకు జమీందారీల రద్దు చట్టం వచ్చింది. ఆ పదకొండు నెలల మీదే మా కుటుంబం మూడు తరాలుగా తల ఎత్తుకుని తిరుగుతోంది.

మిగిలింది ఒక పెట్టెడు అర్జీల నకళ్ళు. చిన్నప్పుడు నా దస్తూరీ కుదరడానికి మా నాన్నగారు వాటినే చూసి రాయించేవారు. దాంతో బడికి సెలవు చీటీ రాసినా "తమ దివ్య సముఖమునకు" అని మొదలుపెట్టడం నాకు అలవాటైంది. సింగపూర్‌లో మా తెలుగు సంఘంవారు నన్ను కార్యదర్శిని చేసింది కూడా ఆ దస్తూరీ చూసే. ఎన్నిక జరగలేదు. ఉత్తరాలు రాసే ఓపిక ఇంకెవరికీ లేదు, అంతే. పద్నాలుగేళ్ళు ఆ పదవిలో ఉన్నాను. లెటర్‌హెడ్ మీద నా పేరు అధ్యక్షుడి పేరు కన్నా ఒక సైజు చిన్న అక్షరాల్లో ఉండేది. దాన్ని కూడా పట్టించుకోనంత ఉదారంగా ఉన్నాను.

హౌగాంగ్‌లో మా ఫ్లాటుకు నాలుగు తలుపుల అవతల ఒక పెద్దావిడ ఉంటుంది. డెబ్బై ఆరేళ్ళు. పుట్టింది మలేషియాలో, పేరాక్‌లోని ఒక కొబ్బరి తోటలో. పెళ్ళయ్యాక భర్త ఓడరేవులో క్రేన్ పనికి దక్షిణాన ఉన్న సింగపూర్‌కు వస్తే ఆవిడా వచ్చింది. ఆంగ్ మో కియోలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేసి రిటైరైంది. అదే తోటనుంచి వచ్చిన ఇరవై కుటుంబాల దాకా ఇక్కడున్నాయి. శనివారం శనివారం ఎవరో ఒకరి ఇంట్లో రామభజన. నా భార్య కూడా వెళుతుంది. నేను వెళ్ళేవాణ్ణి కాను. కింద కూర్చోవాలి.

శ్రీరామనవమి నాటి భజనకు వాళ్ళకొక పద్ధతి ఉంది. సూర్యుడు పొడిచినప్పుడు మొదలుపెడితే గుంకే వరకు ఆపకూడదు. తాళాలు నేల మీద పెట్టకూడదు. ఒకరు తినడానికి లేస్తే ఇంకొకరి చేతికి అందించాలి. తోటలో ఈవిడ తల్లి మొదలుపెట్టిన రోజునుంచి, దేశం మారినా, ఆ భజన ఒక్క ఏడూ తప్పలేదు. అయితే లెక్కకు వాళ్ళది మా సంఘంలో ఒక ఉపసమితి. హాలు మా సంఘం పేరు మీదే తీసుకోవాలి. బదులుగా ఉగాదికి, పిల్లల డాన్సుకూ లక్కీ డ్రాకూ మధ్య, వాళ్ళకు పది నిమిషాలు ఇచ్చేవాళ్ళం.

ఆ సంవత్సరం నవమి ఆదివారం పడింది. మా కమిటీ ఆ రోజుకి హాల్లో పట్టుచీరల ఫ్యాషన్ షో పెట్టింది. భజనవాళ్ళు కావాలంటే ఆన్‌లైన్‌లో పాడుకోవచ్చని తీర్మానించింది. ఆ తీర్మానాన్ని తెలియజేస్తూ నేను రెండు పేజీల ఉత్తరం రాశాను. బాగా వచ్చిందని అనుకున్నాను కూడా. మర్నాడు ఆవిడ ఆ ఉత్తరం పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"బాబూ, ఇదేటి రాసినారు? సదవడానికి శానా గౌరవంగా ఉంది. హాలు నేదనే కదా?"

"అవునండి."

"ఆ ముక్క మొదట్లోనే పెట్టొచ్చు కదా. రెండు పేజీలు తిరిగి వొచ్చీసరికి ఆయాసం వొచ్చింది."

లోపలికి రమ్మన్నాను. కూర్చోలేదు.

"మేం ఏరుపడిపోతాం బాబూ. మా సంఘం మాది, మా పేరు మాది. ఏటి సెయ్యాలో నువ్వే రాసిపెట్టు."

"నేనా? నేను ఈ సంఘం కార్యదర్శినండీ."

"అయితే ఏటి? ఇన్నాళ్ళూ మాకు రాసినావు, ఇప్పుడు మా తరఫున రాయి. ఉత్తరాలు రాసీవోరు మాకు ఇంకెవులున్నారు?"

నా భార్య వంటింటి గుమ్మంలోంచి చూసింది. ఆ చూపు మీద అప్పీలు ఉండదు. ఒప్పుకున్నాను.

వాకబు చేస్తే తెలిసిందేమిటంటే, మా పేటలోనే ఇంకో చిన్న హాలు ఉంది. నవమినాడు ఖాళీగానే ఉంది. కానీ నమోదైన సంఘానికే ఇస్తారు. నమోదు కావాలంటే దరఖాస్తు, నియమావళి, ఈ బృందం ఏమిటో చెప్పే ఒక పత్రం కావాలి. నవమికి మూడు నెలలు కూడా లేదు. ఈలోగా కాగితం రాకపోతే ఆవిడ తల్లి మొదలుపెట్టిన భజన ఆ ఏటితో తెగిపోతుంది.

నేను పత్రం రాయడానికి కూర్చున్నాను. గుర్తింపు అనేసరికి నాకు తెలిసిన దారి ఒక్కటే, వంశం. ఆవిడను పిలిచి స్వగ్రామం అడిగాను.

"సికాకులం వైపని అనీవోరు. ఊరి పేరు మా అమ్మకే తెల్దు."

"గోత్రం?"

"మాది ఏడో లైను బాబూ."

తోటల్లో కూలీలకు రైలుపెట్టెల్లా వరసగా ఇళ్ళు కట్టేవారట. వాటిని లైన్లు అంటారు. ఆవిడ అడ్రసు, గోత్రం, ప్రవర అన్నీ ఆ ఏడో లైనే. ఇంతటి లోటును నేను నా ప్రతిభతో పూడ్చాలనుకున్నాను. వారం రోజులు శ్రమపడి మూడు పేజీలు రాశాను. "అనాదిగా కళింగ దేశాధీశుల కొలువులో సేవలందించిన వీరవంశాల వారసులగు" అని మొదలవుతుంది. శనివారం వాళ్ళ ఇంట్లో, భజన అయ్యాక, నిలబడి చదివాను. అందరూ శ్రద్ధగా విన్నారు.

"ఈళ్ళెవరు బాబూ?" అంది పెద్దావిడ.

"మీరేనండి."

గది గదంతా నవ్వింది. నా భార్య కూడా నవ్వింది. పెద్దావిడ మాత్రం కాసేపటికి నవ్వు ఆపి నా వైపు చూసింది.

"మా తాత ఓడెందుకెక్కినాడో ఎరికేనా నీకు? దొర పల్లకీ మొయ్యలేక. మీ తాతలాటి దొరే. మోసి మోసి బుజం ఇరిగిపోతే, రెండో బుజం ఉంది కదా అన్నారట. ఆ రేత్రే పారిపోనాడు. ఇప్పుడు ఆ కొలువులో మేం ఈరులమని రాస్తే, అస్తికలు కలిపిన సముద్రంలోంచి మా తాత లేసి వొస్తాడు."

మా ఇంట్లో పల్లకీ ఉండేది. ఎనిమిదిమంది బోయీల పల్లకీ అని మా నాన్నగారు చెప్పేవారు. నలుగురు మోసేదానికీ ఎనిమిదిమంది మోసేదానికీ హోదాలో ఎంత తేడా ఉందో వివరంగా చెప్పేవారు. ఆ ఎనిమిదిమందికి పేర్లు, భుజాలు ఉంటాయన్న ఆలోచన నాకు ఆ సాయంత్రం దాకా తట్టలేదు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను. వెనకనుంచి ఎవరో, సింగపూర్ అలవాటుగా చివర ఒక లా తగిలించి, "పోనీలే ఆంటీ, అంకుల్ బాగా చదివారు లా" అనడం వినిపించింది.

సోమవారం ఆఫీసులో మళ్ళీ చిప్పెవా కాగితాల ముందు కూర్చున్నాను. ఆ రోజే ఒక సంగతి నాకు కనబడింది. లాయర్లు అతిముఖ్యం అని పసుపు గుర్తు పెట్టించిన కాగితాల్లో వంశవృక్షాలు తక్కువ. ఎక్కువ భాగం ఆ జాతుల మీద అజమాయిషీకి ప్రభుత్వం పెట్టిన అధికారుల ఫిర్యాదులు. ఈ సరస్సువాళ్ళు పెద్ద శాఖ సమావేశానికి ఈసారీ రాలేదు, తమ సమావేశం తామే పెట్టుకున్నారు. వసంతం రాగానే చెప్పినా వినకుండా తమ చెట్ల దగ్గరికే పోయి, వాటినుంచి కారే తీపి నీటితో చక్కెర పాకం కాచుకుంటున్నారు. పెద్ద శాఖ నాయకుణ్ణి నాయకుడని అనరు. ఏడాది తర్వాత ఏడాది, ఒక అధికారి తర్వాత మరొక అధికారి, అదే విసుగు. వీళ్ళు విడిగా లేరని వాదించిన ప్రభుత్వమే, తన చిరాకునంతా కాగితం మీద పెట్టి, వీళ్ళు విడిగా ఉన్నారని రుజువు చేసి, నంబర్లు వేసి మరీ భద్రపరిచింది.

సాయంత్రం లిఫ్టు దిగి నేరుగా ఆవిడ తలుపు తట్టాను.

"మీ గురించి ఎప్పుడైనా ఎవరైనా రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారా?"

"అబ్బో, శానామంది" అని లోపలికి వెళ్ళి, రెండు పాత క్యాలెండరు అట్టల మధ్య నాడాతో కట్టిన కట్ట తెచ్చింది.

పైన తోట మేనేజరు టైపు చేయించిన చీటీలు. ఏడో లైను తెలుగువాళ్ళు తమ దేవుడి రోజని ఈ ఏడు కూడా పనిలోకి రాలేదు. మరుసటి ఏడు, మళ్ళీ రాలేదు. ఆ కింద మంచి దళసరి కాగితం, పరిచయమైన లెటర్‌హెడ్, పరిచయమైన దస్తూరీ. నా ఉత్తరాలు. తొమ్మిది ఉన్నాయి. మీకు కేటాయించిన పది నిమిషాలు యాభై నిమిషాలైనందున లక్కీ డ్రా ఆలస్యమైందని ఒకటి. సంఘం ఏర్పాటు చేసిన భోజనం ఉండగా మీరు సొంత క్యారియర్లు తెచ్చుకోవడం ఆక్షేపణీయమని ఒకటి. కుర్చీలుండగా నేల మీద కూర్చోవడం ఫొటోలలో బాగా రావడం లేదని ఒకటి. "మీ బృందము సంఘము యొక్క సాధారణ సరళికి ఏ విధముగానూ ఇముడుట లేదని మిక్కిలి విచారముతో తెలియజేయుచున్నాను" అని ఒకటి. చిప్పెవావాళ్ళ మీద రాసిన ఏ అధికారికీ ఇంత స్పష్టత లేదు. శైలి కూడా నాదే మెరుగు.

"ఇవెందుకు దాచుకున్నారండీ?"

"మా గురించి ఇంత ఇదిగా ఎవులు రాసినారు బాబూ?" అంది ఆవిడ, నాకు టీ పోస్తూ.

కొత్త పత్రం ఒక్క పేజీలో అయిపోయింది. మేము ఫలానా తోటలోని ఏడో లైనునుంచి వచ్చినవాళ్ళం, శనివారాలు కలుస్తాం, నవమికి రోజంతా పాడతాం, ఇది మానమంటే మానలేదు. అంతే. కింద అనుబంధాలు. అందులో తొమ్మిది నావి. ఆవిడ విని తల ఊపింది. "ఇది మేమే" అంది.

దరఖాస్తు వెళ్ళింది. వారం తర్వాత నమోదు కార్యాలయంనుంచి ఒక ప్రశ్న వచ్చింది. ఇంతకాలం మీరు మరో సంఘంలో ఉపసమితిగా ఉన్నారు కదా, వాళ్ళకు అభ్యంతరం లేదని ఒక ఉత్తరం జతపరచండి. నేను మా అధ్యక్షుడికి ఫోన్ చేశాను. ఆయన బ్యాంకు ఉద్యోగి, హైదరాబాదువాడు, నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్న.

"ఏంది అంకుల్ ఇది? సపరేట్ ఎందుకు? మనం వన్ ఫ్యామిలీ కదా."

"వాళ్ళకు హాలు కావాలి."

"సరే, బ్రాంచ్ అని రాద్దాం. మా బ్రాంచ్‌కి అభ్యంతరం లేదు అని. ప్రాబ్లం సాల్వ్డ్."

"బ్రాంచి అయితే విడిగా నమోదు చెయ్యరు."

"చెయ్యకుంటే వద్దు తియ్యండి. పోయేదేముంది? నెక్స్ట్ ఉగాదికి పదిహేను నిమిషాలు ఇద్దాం. మీరైతే ఏం సైన్ చెయ్యకండి అంకుల్, కమిటీలో పెడదాం."

కమిటీ కలిసేది నవమి అయిన వారానికి. మా తాతగారి అర్జీల మీద కలెక్టరు కచేరీ వారు ముప్పై ఏళ్ళు రాసిన జవాబు కూడా సరిగ్గా ఇదే, పరిశీలనలో ఉన్నది అని. ఆ కచేరీలో సంతకం పెట్టగలిగిన గుమాస్తా ఎవడో ఒకడు ఉండే ఉంటాడు. అతనికీ ఎవరో వద్దని చెప్పే ఉంటారు. మా తెలుగు సంఘం నియమావళి ప్రకారం ఉత్తరాల మీద సంతకం కార్యదర్శిది. ఆ నియమావళి రాసింది నేనే. లెటర్‌హెడ్ కాగితం ఒకటి తీసి, నా జీవితంలోకెల్లా పొట్టి ఉత్తరం రాశాను. వారు మా శాఖ కాదు. వారికి విడి గుర్తింపు ఇచ్చుటకు మాకు అభ్యంతరం లేదు. ఇట్లు, కార్యదర్శి. పద్ధతి ప్రకారం నకలు అధ్యక్షుడికీ పంపాను.

పద్నాలుగేళ్ళ పదవి పోవడానికి పద్నాలుగు గంటలు కూడా పట్టలేదు. కమిటీ ఫోన్ గ్రూపులోంచి నన్ను తీసేశారు. రద్దు చట్టంలో కనీసం పీఠిక ఉంది. ఇక్కడ ఫోను తెర మీద, మిమ్మల్ని తొలగించారని బూడిదరంగులో ఒక వరస, అంతే. భోజనాల దగ్గర నా భార్యకు ఆ సంగతి చెప్పాను. "మంచిదేలెండి" అని నాకు ఇంకో అప్పడం వేసింది.

ఏడో లైనువాళ్ళ సంఘానికి గుర్తింపు నవమికి పన్నెండు రోజుల ముందు వచ్చింది. చిన్న హాలు వాళ్ళ పేరు మీదే దొరికింది. నవమినాడు ఉదయం చీకటి ఉండగానే నా భార్యతో కలిసి వెళ్ళాను. ఇస్త్రీ పంచె, ఉత్తరీయం. కుర్చీ కోసం చూశాను. లేదు. వాళ్ళ సంఘానికి నియమావళి రాసేటప్పుడు సభ్యుడు అంటే ఎవరు అని అడిగితే పెద్దావిడ, నవమినాడు మొదలునుంచి చివరిదాకా కూర్చున్నోళ్ళు అంది. ఆ వాక్యాన్ని నేనే చక్కని భాషలో పెట్టాను. ఇప్పుడు దాని మీదే కూర్చున్నాను. గోడకు ఆనుకోవడం మీద నిషేధమేమీ లేదు. కానీ ఎవరూ ఆనుకోలేదు.

మధ్యాహ్నం నాలుగింటికి అధ్యక్షుడు వచ్చాడు. ఫ్యాషన్ షోనుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, సూటు వేసుకుని ఉన్నాడు. చేతిలో పెద్ద శాలువా, వెనక ఫొటోగ్రాఫరు. నా పక్కన వంగి చెవిలో చెప్పాడు.

"అంకుల్, ఒక్క టూ మినిట్స్ ఆపమనండి. ఆంటీకి శాలువా కప్పి, మా బ్రాంచ్‌కి కంగ్రాట్స్ చెప్పి వెళ్ళిపోతా."

"ఆపరు."

"మీరు చెప్తే ఆపుతారు."

"నాకిక్కడ ఏ హోదా లేదు. వాళ్ళిప్పుడు వేరే సంఘం. ఏదైనా కావాలంటే మీ సంఘం తరఫున ఒక ఉత్తరం రాయండి. పరిశీలిస్తారు."

"ఎవరు రాయాలి? సెక్రటరీ పోస్ట్ ఖాళీ కదా."

"కమిటీలో పెట్టండి."

అతను పాట ఆగే చోటు కోసం చూశాడు. ఒక చరణం ముగిసేలోపే ఇంకొకరు ఎత్తుకుంటున్నారు. పెద్దావిడ మా వైపు చూసి, తాళం తప్పకుండానే, కూర్చోమని గడ్డంతో సైగ చేసింది. అతను బూట్లు విప్పి నా పక్కన చతికిలబడ్డాడు. ఫొటోగ్రాఫరుకు ఎవరో పులిహోర ప్లేటు ఇచ్చారు. కెమెరా పక్కన పెట్టి తినడం మొదలుపెట్టాడు. కాసేపటికి అధ్యక్షుడు ఒక కాలు చాపాడు, మళ్ళీ ముడిచాడు.

"ఇంకెంతసేపు అంకుల్?"

"ఏడు దాటాలి."

అతను గడియారం చూసుకున్నాడు. తలుపు వైపు చూశాడు. అక్కడిదాకా వెళ్ళాలంటే పాడేవాళ్ళ మధ్యనుంచి వెళ్ళాలి. చివరికి శాలువాను నాలుగు మడతలు పెట్టి మోకాలి కింద వేసుకున్నాడు. మెత్తగా, వెడల్పుగా ఉంది. సగం నా వైపు జరపమన్నాను.